కొండ కొండను మింగిన పాట

కోడంబాకం, మద్రాసు
18 జనవరి 1974

తాతబాబు బావకు,

అందరం బతికే ఉన్నాం. కన్నబాబుకు ఇక్కడి నీళ్లు పడక రెండు రోజులు మంచమెక్కాడు గానీ, ఆర్గాన్ ముందు కూర్చోబెడితే వాయిస్తూనే ఉన్నాడు. రికార్డు కంపెనీ వాళ్లు మన బ్యాండు పేరు మార్చలేదు, ‘పర్పుల్ సిగ్నల్’ అనే ఉంచారు. రైల్వేలో ముప్ఫై ఏళ్లు చేసినా ఊదారంగు సిగ్నల్ ఎక్కడా చూడలేదని మా నాన్న వెక్కిరించాడు కదా, ఆ పేరే మేనేజరు శ్రీరామ్మూర్తి గారికి తెగ నచ్చింది. ఇప్పటి కుర్రకారుకు అర్థం కానిదే కావాలట.

నువ్వు రాకపోవడం మాత్రం పెద్ద లోటు. డ్రమ్ముల దగ్గర నీ బదులు ఇక్కడి మనిషిని పెట్టారు. లెక్క తప్పడు, అంతే. కంచరపాలెం గేటు పక్క షెడ్డులో నువ్వు వాయిస్తుంటే మేం ఊగేవాళ్లం. ఇతను వాయిస్తుంటే డ్రిల్లు మాస్టారి ముందు నిలబడ్డట్టు నిలబడుతున్నాం. వేట రోజులని మీ నాన్న దాలయ్య మామ నిన్ను ఆపేశాడు, ఆయన్నేమీ అనలేను.

ఇక అసలు పని. రికార్డుకు రెండు వైపులుంటాయి. మొదటి వైపు పాట సిద్ధంగా ఉంది. రెండో వైపుకు బాణీ ఉంది, మాటలు లేవు. షెడ్డులో నువ్వు వాయిస్తూ ఏదో పాడుకునేవాడివి. మీ తెప్ప మీద నన్ను సముద్రంలోకి తీసుకెళ్లిన రోజు మీ నాన్న కూడా అదే గొణిగాడు. రెండు వరుసలు గుర్తున్నాయి.

కొండొచ్చి కొండను మింగింది
కోవెల నడుందాకా నీట దిగింది

మూడోది ఎంత కొట్టుకున్నా రావడం లేదు. ఎవరు కట్టారో గానీ బాణీకి అతికినట్టు సరిపోయింది. వచ్చే నెల రెండో తారీఖున రికార్డింగు. ఈ ఉత్తరం అందిన రోజే జవాబు రాసి పడెయ్యి.

నీ
నీలకంఠం

పెద్ద జాలారిపేట, విశాఖపట్నం
24 జనవరి 1974

నీలకంఠం బావా,

అందిన రోజే రాయలేదు. రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను.

ఆ పాట మా అయ్య ఒడ్డున పాడడు. నీటి మీదే పాడతాడు, అదీ దగ్గర్లో ఇంకో తెప్ప లేనప్పుడు. నేను షెడ్డులో పాడటమే తప్పు. చుట్టూ రైళ్ల మోత, వినేది మీరు, మీలో ఎవరికీ సముద్రంతో పని లేదు. అందుకని నోరు జారాను. ఎందుకు పాడకూడదో అడక్కు, చెప్పను.

రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. కానీ మద్రాసు వాళ్లకు మన కొండలతో ఏం పని? ఇంకో సంగతి కూడా ఉంది, దాచుకుంటే నాకే బరువు. మీరు రైలెక్కిన రోజు నేను వేటకు వెళ్లానని కబురు పెట్టాను. వెళ్లలేదు. రుషికొండ దాకా నడిచి, అక్కడ ఇసకలో కూర్చుని వచ్చాను. మీ ముఖాలు చూస్తే ఏడుపొస్తుందని భయం వేసింది. ఆ రికార్డులో నా వాయింపు ఎలాగూ లేదు. ఒక్క మాటైనా నా దగ్గర్నుంచి వచ్చింది ఉండాలని ఆశగా ఉంది.

మూడోది ఇదీ.

తాటిసెట్టు మేడెక్కి కూకుంది

నేను రాశానని ఎవరితోనూ అనకు. చదివాక ఈ కాగితం చింపెయ్యి.

తాతబాబు

మద్రాసు
9 జూన్ 1974

బావా,

ఈపాటికి నువ్వు వినే ఉంటావు. మొదటి వైపు పాటను కాకి కూడా ముట్టలేదు. శ్రీరామ్మూర్తి గారు పోస్టర్లన్నీ దానికే వేయించారు. జనమేమో రికార్డు తిరగేసి రెండో వైపు పెట్టుకుంటున్నారు. హోటళ్లలో అదే, హాస్టళ్లలో అదే, సినిమా మొదలయ్యే ముందు హాల్లో అదే. నిన్న తెలుగు ముక్క రాని రిక్షా అతనొకడు “కొండొచ్చి, కొండొచ్చి” అంటూ తొక్కుకుపోతున్నాడు.

ఎలా చేశామో చెబుతాను. కన్నబాబు ఆర్గాన్‌ను టేపు మీదికి ఎక్కించి, ఆ టేపును వెనక నుంచి ముందుకు తిప్పారు. నన్ను ఖాళీ నీళ్ల పీపాలో తల పెట్టి పాడమన్నారు. ‘నీట దిగింది’ అన్నచోట గొంతు నిజంగానే మునిగినట్టు వచ్చింది. బయటికి తీసేసరికి నా ముఖమంతా తుప్పు.

ఒక ఇంగ్లీషు పత్రికవాడు ఇది మత్తులో కలిగిన దర్శనమని, కొండను మింగే కొండ అంటే మనిషి అహంకారమని రెండు పేజీలు రాశాడు. రేడియో ఆఫీసులో ఒకాయన పిలిపించి, ఇందులో గంజాయి ఏ వరుసలో ఉందో నిజం చెప్పమన్నాడు. నాకు తెలియదంటే నమ్మలేదు. పత్రికల వాళ్లు అర్థం అడిగితే మాత్రం కళ్లు సగం మూసి నవ్వుతున్నాను. శ్రీరామ్మూర్తి గారు అలాగే చెయ్యమన్నారు.

ఒక విషయం మనసులో పొడుస్తోంది. రికార్డు మీద ‘రచన: నీలకంఠం’ అని అచ్చేశారు. ఎవరిదో ఒక పేరు ఉండాలన్నారు, నువ్వేమో చెప్పొద్దన్నావు. తప్పు చేశానా? దాలయ్య మామ విన్నాడా? ఏమన్నాడు?

నీలకంఠం

పెద్ద జాలారిపేట
30 జూన్ 1974

బావా,

విన్నాడు. ఎలా విన్నాడో వరసగా రాస్తాను.

పోయిన ఆదివారం మా పేటలో గంగమ్మ పండగ. ద్వారకా నగర్ నుంచి వచ్చిన మైకుసెట్టు అతను కొత్త రికార్డులు తెచ్చాడు. పొద్దున్న పదింటికి, పేట పేటంతా ఒడ్డున ఉన్నప్పుడు, నీ పాట పెట్టాడు. ముందొచ్చే ఆ తిరగేసిన ఆర్గాన్ విని ఆడవాళ్లు నవ్వారు. తర్వాత మాటలు మొదలయ్యాయి. మొదటి వరుసకు, వేటలో మా అయ్యతో పోటీపడే ఎల్లాజీ నోట్లో చుట్ట బయటికి తీశాడు. రెండో వరుసకు ముసలివాళ్లు లేచి నిలబడ్డారు. మూడోదానికి మగవాళ్లందరూ ఒడ్డు మీది మేడ వైపు తిరిగారు. పాట అయిపోయాక ఎల్లాజీ మైకు అతని దగ్గరికి వెళ్లి, ఇంకోసారి వెయ్యమని మర్యాదగా అడిగాడు.

మర్నాడు తెల్లారేసరికి మా రాయి మీద పదకొండు తెప్పలున్నాయి.

ఇప్పుడైనా నీకు చెప్పాలి. అది పాట కాదు, దారి. నీటి మీద నుంచి చూస్తే, పెద్దకొండ అడ్డమొచ్చి చిన్నకొండ కనబడకుండా పోయే వరుస ఒకటుంటుంది. ఆ వరుస తప్పకుండా లోపలికి పోతుంటే ఒడ్డు మీది కోవెల కింద నుంచి మునుగుతూ వస్తుంది. నడుం దాకా మునిగిందంటే దగ్గరికి వచ్చినట్టు. అక్కడ ముందుకో వెనక్కో జరిగి, తాటిచెట్టు సరిగ్గా మేడ నెత్తి మీదికి వచ్చేలా చూసుకోవాలి. దాని కింద, నీళ్లలో, మన హైస్కూలంత రాయి ఉంది. కోనాం చేప దాని చుట్టూనే తిరుగుతుంది. మొదటి రెండు గుర్తులే తెలిస్తే ఏడాది వెతికినా దొరకదు. మూడోది కావాలి.

పేటలో ప్రతి ఇంటికీ ఇలాంటి రాళ్లు ఒకటో రెండో ఉంటాయి. తండ్రి పెద్దకొడుక్కి నీటి మీద చెబుతాడు, ఒడ్డున చెప్పడు. ఈ రాయి మా ముత్తాత కనిపెట్టింది. మర్చిపోకుండా మా తాత దానికి పాట కట్టాడు. మద్రాసు వాళ్లకు ఏం తెలుస్తుందిలే అనుకున్నాను గానీ, రికార్డు తిరిగి మన ఊరికే వస్తుందని నా బుర్రకు తట్టలేదు. నాలాంటి తెలివైనవాడు ఇంకొకడు ఉండడు.

నీలకంఠానికి ఎలా తెలిసిందని అయ్య అడిగాడు. “ఆడు ఒక్కసారి ఇంటే సాలయ్యా, ఇంక మరిసిపోడు” అన్నాను. నువ్వు తెప్ప మీద విని పట్టేశావని నమ్మాడు. నిన్ను దొంగంటున్నాడు. కొన్నాళ్లు అలాగే ఉండనీ బావా. నేనని తెలిస్తే మిగతా రాళ్లు నాకు చెప్పడు. అవి లేకపోతే తెప్ప ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

తాతబాబు

మద్రాసు
11 జులై 1974

తాతబాబు బావా,

నీ ఉత్తరం చదివాక పాట వినబుద్ధి కావడం లేదు. వినకుండా ఉండే వీలూ లేదు, మా గది కింద టీ కొట్టులో పొద్దస్తమానం అదే. మీ ఇంటి అన్నం తిన్నాను, పోతమ్మ అత్త చేతి చేపల పులుసు తిన్నాను. ఆ ఇంటి కూడు నేనే లాగేశాను. దొంగ పేరు నాకే ఉండనీ, అచ్చులో ఎలాగూ నా పేరే ఉంది. నువ్వు చింపమన్న కాగితం చింపలేదు, పెట్టె అడుగున ఉంది.

ఒక ఉపాయం తట్టింది. పాటకు గిరాకీ ఉందని కంపెనీ ఒక పెద్ద రికార్డు చేస్తోంది. అందులో ఇదే పాట మళ్లీ పాడాలి. తాటిచెట్టును మేడ మీద నుంచి దించేసి ‘కోవెలెక్కి కూకుంది’ అని పాడతాను. మొదటిసారి తప్పు పడిందని, ఇదే సరైనదని పత్రికలో కూడా వేయిస్తాను. ఎల్లాజీ వాళ్లు వెళ్లి ఉత్త నీళ్లలో గేలాలు వేసుకుని కూర్చుంటారు. శ్రీరామ్మూర్తి గారు ఒప్పుకున్నారు. మామ సరేనంటే చాలు.

నీలకంఠం

పెద్ద జాలారిపేట
2 ఆగస్టు 1974

బావా,

నీ ఉత్తరం ఇంట్లో చదివి వినిపించాను, పెట్టె అడుగు కాగితం సంగతి మింగేసి. అమ్మకు నీ ఉపాయం భలే నచ్చింది. ఎల్లాజీ పెళ్లాం ఈ మధ్య మా అమ్మను దాటుకుని మార్కెట్టులో ముందు కూర్చుంటోంది లే.

అయ్య మాత్రం నవ్వలేదు. తాటిచెట్టు కోవెల మీదికి వస్తే తెప్ప ఎక్కడుంటుందో కళ్లు మూసుకుని చూసుకున్నాడు. అక్కడ యుద్ధం రోజుల్లో మునిగిన ఓడ ఇనుముందట. అల పడినప్పుడు తెప్ప దాని మీదికి వెళ్తే కట్లు తెగిపోతాయట. మా పేటలో కుర్రవాళ్లకు ఆ సంగతి తెలియదు. తర్వాత అన్నాడు, “సెప్పకపోతే తప్పు నేదు. తప్పు సెప్పకూడదు. నీటి మీదున్నోడికి తప్పు గుర్తు సెప్పినోడు, ఒడ్డున కూకుని సంపినోడే.”

ఎల్లాజీకి, మా అయ్యకు నాలుగేళ్లుగా మాటల్లేవు. అతని విషయంలోనూ ఇదే మాట. నువ్వు దొంగవే గానీ ఇంత చెడ్డవాడివి అనుకోలేదని కూడా అన్నాడు. ఆ పని మానుకో.

రాయి దగ్గర ఇప్పుడు మరబోట్లు కూడా తిరుగుతున్నాయి. మేం వెళ్లడం తగ్గించాం. తప్పు గుర్తు గురించి అయ్య అన్న మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. ఎందుకో నీకు వేరే చెప్పక్కర్లేదు.

తాతబాబు

మద్రాసు
20 ఆగస్టు 1974

బావా,

మానేశాను. పెద్ద రికార్డులో ఆ పాటే వద్దన్నాను. శ్రీరామ్మూర్తి గారు కుర్చీ తన్ని లేచారు. నడుస్తున్న పాటను చంపుకునే వెర్రివాణ్ని ఆయన సర్వీసులో చూడలేదట. కారణం చెప్పలేదు, చెబితే పత్రికలకు ఎక్కిస్తారు.

దసరాకు వస్తాను. మామ కాళ్ల మీద పడి, నేనే తెప్ప మీద విని దొంగిలించానని ఒప్పుకుంటాను. ఆయన నాలుగు తిడితే తిడతాడు. అంతటితో నీ మీద అనుమానం రాదు, మిగతా రాళ్లు నీకు దక్కుతాయి. నాకు పోయేదేముంది? నేను మళ్లీ తెప్ప ఎక్కేవాణ్నా?

నీలకంఠం

పెద్ద జాలారిపేట
15 అక్టోబరు 1974

బావా,

దసరాకు నిన్ను రావద్దని టెలిగ్రాం ఇచ్చాను, కారణం రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. నువ్వొచ్చి ఆ మాట అంటే అది మా అయ్యకు చెప్పిన ఇంకో తప్పు గుర్తు అవుతుంది. ఒకటి నేను చెప్పిందే చాలు.

నేనే చెప్పేశాను. వల బాగుచేస్తున్నాడు, పక్కన కూర్చుని చెప్పాను. నీలకంఠం దొంగిలించలేదని, అడిగాడని, మూడోది నేనే ఉత్తరంలో రాసి పంపానని. చేతులు ఆగలేదు. ఒక్కటే అడిగాడు, “ఇంకుతోనా, పెన్సిల్తోనా?” ఇంకుతో అన్నాను. తల ఊపి మళ్లీ వల కుట్టుకున్నాడు. ఎందుకడిగాడో ఇప్పటికీ నాకు తెలియదు. కొట్టి ఉంటే బాగుండేది.

మర్నాటి నుంచి నన్ను తెప్ప మీదికి పిలవలేదు. చెల్లి మొగుణ్ని తీసుకెళ్తున్నాడు. చెల్లి గంగాలమ్మ అన్నం వడ్డిస్తూ నా ముఖం చూడటం లేదు. నీ పేరు మాత్రం కడిగేశాడు. అంగడి దగ్గర ఎల్లాజీ నీ మీద ఏదో అంటే, అయ్య లేచి, దొంగ నువ్వు కాదని, తన ఇంట్లోనే ఉన్నాడని అందరి ముందూ చెప్పాడు. మా పేటలో ఇంటి గుట్టు అలా చెప్పుకున్నవాడు లేడు. నేను ఆ పక్కనే నిలబడి విన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇప్పుడు స్టీల్ ప్లాంటు కోసం నేల చదును చేస్తున్న చోట కూలికి వెళ్తున్నాను. రాయి దగ్గర చేప లేదు. మరబోట్ల వలలు ఊడ్చేశాయి. పేటలో ఆ పాట ఎవరూ పాడటం లేదు, పాడి ఉపయోగం లేదు కనక.

తాతబాబు

మద్రాసు
6 జనవరి 1975

తాతబాబు బావా,

మూడు నెలలు రాయలేకపోయాను. అంగడి దగ్గర మామ అన్న మాట చదివి, కాగితం పక్కన పెట్టి, ఏడ్చాను. నా మీద నింద పోయినందుకు కాదు, దాన్ని ఆయన ఇంటి మీద వేసుకున్నందుకు. కొత్తగా కొట్టే రికార్డుల మీద నా పేరు తీసేయించాను. రచన అన్నచోట ఖాళీ వదిలేశారు. పత్రికవాళ్లకు అదీ ఒక వింతగానే ఉంది.

ఇక్కడి సంగతి కూడా బాగాలేదు. తర్వాత చేసిన రెండు పాటలూ గోడకు కొట్టిన బంతిలా వెనక్కి వచ్చాయి. దుకాణాల వాళ్లు పెట్టెలు విప్పకుండానే తిప్పి పంపారు. మార్చి లోపల ‘కొండొచ్చి’ లాంటిది ఇంకొకటి ఇవ్వకపోతే మమ్మల్ని వదిలేస్తామని శ్రీరామ్మూర్తి గారు తేల్చి చెప్పారు. కన్నబాబు ఊరెళ్లిపోయి ట్యూషన్లు చెప్పుకుంటానంటున్నాడు. నేను పాతిక పాటలు రాసి చూశాను. అన్నిట్లోనూ రంగులు, కలలు, పొగ. ఒక్కదాంట్లోనూ ప్రాణం లేదు. అప్పుడు తెలిసింది, ఆ మూడు వరుసల్లో ఒక్క మాట కూడా ఊరికే పడలేదని. మనుషులు దాన్ని నమ్ముకుని సముద్రంలోకి పోయారు.

సిగ్గు విడిచి అడుగుతున్నాను. మిగతా రాళ్లన్నావు. వాటికీ ఇలాంటి పాటలున్నాయా? కొండల పేర్లు మార్చేస్తాను, వరసలు తలకిందులు చేస్తాను, ఎవరూ పోల్చుకోలేకుండా చేస్తాను. లేవంటే లేవని రాసెయ్యి, నమ్ముతాను, మళ్లీ అడగను.

నీలకంఠం

పెద్ద జాలారిపేట
2 ఫిబ్రవరి 1975

నీలకంఠం బావా,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలయింది. మొన్నటి దాకా జవాబు సులువుగా ఉండేది, నాకేమీ తెలియదు కనక. మొన్న గురువారంతో అది పోయింది.

అయ్యకు చూపు మసకేస్తోంది. నాకు తెలియదు, అమ్మకూ తెలియదు. కొండ అంచు ఎక్కడ మొదలవుతుందో ఆయనకు కనబడటం లేదట. చెల్లి మొగుడి దగ్గర ఆ మాట ఒప్పుకోలేక నెలరోజులుగా ఏదో ఒక వంకతో దగ్గరి నీళ్లలోనే వల వేయించాడు. గురువారం పొద్దున్న నేను పనికి బయల్దేరుతుంటే గుమ్మంలో నిలబడి, “నువ్వు రా” అన్నాడు. అల్లుణ్ని ఇంట్లో ఉండమన్నాడు.

ఇద్దరమే వెళ్లాం. ఒడ్డు సన్నగా అయ్యేదాకా తెడ్లు వేశాం. చుట్టూ ఏ తెప్పా లేదు కదా అని నన్ను చూడమన్నాడు, రెండుసార్లు. అప్పుడు ఏది దేని వెనక్కి పోవాలో, ఎక్కడ ఆగాలో చెప్పాడు. నేను చూస్తూ చెప్పాను, ఆయన వింటూ సరిచేశాడు. గేలం వదిలితే రాయి తగిలింది. దీనికి పాట లేదా అని అడిగాను. “నేదు. మీ తాత మరిసిపోతానని బయపడి పాట కట్టాడు. నువ్వు మరిసిపోవులే” అన్నాడు. నేను ముఖం అటు తిప్పుకుని తెడ్డు వేశాను. ఆయనకు కనబడదని తెలిసి కూడా.

నువ్వు అడిగినదానికి జవాబు. ఉంది. పాట లేదు గానీ రాయి ఉంది, దాని గుర్తులు వింటే నీ పత్రికవాళ్లు ఇంకో నాలుగు పేజీలు రాస్తారు. నువ్వు వాటిని పాట చేస్తే మొదటిదానికంటే బాగుంటుంది. అది నాకు తెలుసు, వాయించేవాణ్ని కదా. గురువారం నుంచి చేతివేళ్లు వాటంతటవే గట్టు మీద తాళం వేస్తున్నాయి. లేదని రాసేస్తే నీకూ తేలిక, నాకూ తేలిక. నువ్వు నమ్ముతానన్నావు కూడా. నీకు అబద్ధం రాయలేను.

కానీ అది ఎక్కడో రాయను. పేర్లు మార్చినా రాయను, తలకిందులు చేసినా రాయను. నీ కంపెనీ నిన్ను వదిలేస్తుందని తెలిసే రాయనంటున్నాను. కోపం వస్తే తెచ్చుకో, నాలుగు రోజులు తిట్టుకో, నేను పడతాను. ఇది కాక ఇంకేదైనా అడుగు బావా, ఉత్తరం అందిన రోజే రాస్తాను.

తాతబాబు